చాలు

పరుగు అయిపోయింది.
రెండున్నర నిమిషాల కోసం
ఏడాదంతా ఎదురుచూసిన జనం
రైళ్ళ వైపు కారిపోయారు.
ఎప్సమ్ గుట్ట మీద ఇప్పుడు
చిరిగిన పందెం చీటీలు, ఎవరిదో ఎర్ర టోపీ,
ఆకాశం ఇక నాదేనంటున్న ఒక భరతపక్షి.

ఆంబ్రోస్ పెన్‌ఫోల్డ్ బకెట్ దించాడు.
మట్టీ ఇసుకా గడ్డివిత్తులూ కలిపిన బకెట్.
లేచిన పచ్చికను ముళ్ళపారతో సర్ది,
పిడికెడు పోసి, మడమతో తొక్కుతాడు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
అతను డెర్బీని చూసేది ఇలాగే,
గిట్టలు దిగిన లోతుల్లోంచి.
"ఇదిగో, ఇది బెదిరిన అడుగు.
ఇది మలుపులో లోపలికి ఒరిగినదానిది.
ఇక్కడినుంచి చూడు, కొరడా మొదలైంది."

టాంసిన్‌కి పందొమ్మిదేళ్ళు. పనిలో మొదటి వారం.
తెల్ల గుంజ మీద చెయ్యేసి అడిగింది:
అసలు ఫర్లాంగంటే ఏంటి?

నాగటి చాలు పొడవు, అన్నాడు.
ఎద్దులు ఆగకుండా లాగి
గట్టు దగ్గర ఊపిరి తీసుకునేంత దూరం.
ఈ పరుగు పన్నెండు చాళ్ళు.
పట్టు చొక్కాలూ పొడుగు టోపీలూ
ఇంత దూరం వచ్చి కొలుచుకునేది
ఎప్పటిదో ఎద్దు అలసటతోనే.

తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
సుద్దమట్టి గోళ్ళలోకి ఎక్కుతోంది.

పేరు ఎవరిది పెట్టాలని
ఇద్దరు దొరలు నాణెం ఎగరేశారట,
బొమ్మా బొరుసా అని.
నిజమో కాదో చూసినవాళ్ళు లేరు.
పేరు ఒకరికి దక్కింది,
మొదటి ఏడు గెలిచింది మాత్రం
పేరు పోగొట్టుకున్నాయన గుర్రం.
"ఏది తీసుకుంటావు, పేరా గెలుపా?"
"జీతం," అంది టాంసిన్.

ఒక ఏడాది మే నెలలో మంచు పడింది.
ముక్కుల్లోంచి పొగ వదులుతూ గుర్రాలు
గంటసేపు గీత దగ్గర వణికాయి.
ఆశలు వదిలేసుకున్నది గెలిచింది.
మరో ఏడాది, మూడేళ్ళ పిల్లల్లోకి
నాలుగేళ్ళది దొంగగా దూరింది.
పళ్ళు చూపించండి, అన్నాడు జడ్జి.
పళ్ళతో సహా గుర్రమే మాయం.
ఆమె నవ్వితే అతను నవ్వలేదు.
నూట ఎనభై ఏళ్ళ కిందటి మోసానికి
ఇవాళే నష్టపోయినవాడిలా
ఇంకో గుంత పూడ్చాడు.

"నువ్వెప్పుడైనా కాశావా?"

ఒక్కసారి, అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

వాళ్ళ నాన్న టిక్‌టాక్ మనిషి.
తెల్ల గ్లౌజులు తొడిగి, పెట్టె మీద నిలబడి,
జనం నెత్తుల మీదుగా
చేతులతో ధరలు అరిచేవాడు.
చెవి ముట్టుకుంటే ఒక ధర,
మణికట్టు ముట్టుకుంటే ఒకటి, భుజమైతే ఇంకొకటి.
ఇంట్లో మాత్రం
ఉప్పు అందుకోమనడానికీ పెదవి కదిపేవాడు కాదు.
ఆఖరి శీతాకాలం, పక్షవాతంతో మాట పడిపోయాక,
ఆస్పత్రి మంచం మీద
మంచి చేత్తో చచ్చుబడిన చేతిని ఈడ్చుకొచ్చి
రెండూ గుండెకు అడ్డంగా వేసుకున్నాడు,
అరచేతులు పరిచి.
ప్రార్థన చేసుకుంటున్నాడు పాపం అని
నర్సు దీపం తగ్గించింది.
ఆంబ్రోస్ చదివాడు:
ఒకటికి ముప్పై మూడు.
దేని మీద నాన్నా, అని అడగలేదు.
జేబులోంచి ఒక పౌండు తీసి
దుప్పటి మీద పెట్టాడు.
ఆ కళ్ళు నవ్వాయో లేదో
ఆ వెలుతురులో తెలియలేదు.

పొద్దు గుంకింది. గుట్ట మీద గాలి లేచింది.
మూడు ఫర్లాంగులు ఇంకా మిగిలే ఉన్నాయి.
టాంసిన్ ముళ్ళపార నేలకు గుచ్చి
చలికి రెండు చేతులూ
గుండెకు అడ్డంగా వేసుకుని నిలబడింది.

ఆంబ్రోస్ అటు చూసి
చాలాసేపు చూసి
బకెట్ ఎత్తాడు.
"చాలు," అన్నాడు, "ఇవాళ్టికి."